ఒక్క మూత్రపిండముతో బ్రదుకువారి భోజనము



"అయ్యగారూ, నాకుండేది ఒక్క కిడ్నీయే. పప్పు తినొచ్చునా? కోడికూర తినొచ్చునా? టమాటాలు పూర్తిగా మానమంటున్నారు, నిజమేనా?" ఇండ్లలో ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్నలు తరచుగా వింటూ ఉంటాను. అడిగేవారిలో కొడుకుకు కిడ్నీ ఇచ్చిన తల్లులున్నారు, భర్తకిచ్చిన భార్యలున్నారు. రాయి ముదిరి, చీముపట్టి ఒక కిడ్నీ తీయించుకొన్నవారున్నారు. మరేదో కడుపునొప్పికి స్కానింగు తీయిస్తే, పుట్టుకతోనే తమకు ఒకటే ఉన్నదని ముప్పది ఏండ్లకు తెలిసికొన్నవారును ఉన్నారు. అట్లు పుట్టేవారు వెయ్యి, రెండువేల మందిలో ఒకరుందురట. నేను వైద్యుడను కాను. రోగులకు తోడుగా తిరుపతికి, వేలూరికి తిరుగుచు అక్కడి డాక్టర్లను అడిగి తెలిసికొన్నది, చదివినది ఈ నెల వ్రాయుచున్నాను. మీ డాక్టరు మీకు ప్రత్యేకముగా ఏదైనా చెప్పియుంటే ఆ మాటే వినండి.

ముందుగా మూత్రపిండము చేసే పని తెలియవలెను. ఒక్కొక్కటి పిడికిలంత, సుమారు 150 గ్రాముల బరువు. దానిలో దాదాపు 10 లక్షల సన్నని జల్లెడలున్నవి. రెండు కలిసి దినమునకు 180 లీటర్ల వరకు వడగట్టి, అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రము మూత్రముగా విడిచి, మిగిలిన నీటినంతా తిరిగి రక్తములోనికే పంపును. ఒకటి పోయినప్పుడు రెండవది ఊరకుండదు. కొన్ని వారములలో, నెలలలో అది లావెక్కి, మునుపు రెండు కలిసి చేసిన పనిలో నూటికి 70 వంతుల వరకు తానొక్కటే చేయును. పొలము పనికి, పిల్లలను పెంచుటకు, సైకిలు తొక్కుటకు అది చాలును. (మన తెలుగు బైబిలులో లేవీయకాండములో "మూత్రగ్రంథులు" అనియు, కీర్తనలలో "అంతరింద్రియములు" అనియు చదువుచున్నాము గదా, హెబ్రీలో ఆ రెండింటికి మాట ఒకటే. మనిషి లోపలి ఆలోచనలకు ఆ జాతివారు పెట్టిన పేరు కిడ్నీ!)

ఇక భయపడేవారికి ఒకటి రెండు సంగతులు. 1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టనులో రోనాల్డ్ హెరిక్ అను యువకుడు తన కవల సోదరుడైన రిచర్డ్‌కు ఒక కిడ్నీ ఇచ్చెను. లోకములో సఫలమైన మొదటి కిడ్నీ మార్పిడి అదే. ఆ శస్త్రచికిత్స చేసిన డాక్టర్ జోసెఫ్ మర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చినది. కిడ్నీ పుచ్చుకొన్న రిచర్డ్ ఎనిమిదేండ్లు బ్రతికెను. ఇచ్చిన రోనాల్డ్ బడిలో లెక్కలు చెప్పుచు, సేద్యము చేసికొనుచు మరి 56 ఏండ్లు బ్రతికి, 2010లో 79 ఏండ్ల వయస్సున చనిపోయెను. రెండవ ప్రపంచ యుద్ధములో గాయపడి, సగటున 25 ఏండ్ల వయస్సులోనే ఒక కిడ్నీ పోగొట్టుకొన్న 62 మంది అమెరికా సైనికులను గూర్చి 45 ఏండ్ల తరువాత విచారించి, 1993లో ఒక నివేదిక ప్రచురించారు. తోటి సైనికులకంటె వారు ముందుగా చనిపోయిన దాఖలా లేదు.

మన దేశములో సఫలమైన మొదటి కిడ్నీ మార్పిడి ఎక్కడ జరిగినది? దూరమేమీ కాదు. చంద్రగిరి స్టేషనులో ఎక్కి పాకాల, చిత్తూరు దాటి కాట్పాడిలో దిగితే వచ్చే వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలోనే, 1971లో. తరువాత 1993లో తిరుపతిలో స్విమ్స్ వచ్చినది గనుక ఇప్పుడు కిడ్నీ రోగము చూపించుకొనుటకు మనవారందరు అంత దూరము పోనక్కరలేదు.

అయితే ఇంకొక వైపు కూడ చూడవలెను. చెన్నైలో కిడ్నీ అమ్ముకొన్న 305 మందిని విచారించి, 2002లో ఒక అధ్యయనము ప్రకటించారు. వారిలో నూటికి 96 మంది అప్పులకొరకే అమ్ముకొన్నారు. అమ్మిన తరువాత వారి కుటుంబ ఆదాయము సగటున మూడవ వంతు తగ్గిపోయినది. మునుపటికంటె ఆరోగ్యము చెడినదని చెప్పినవారు నూటికి 86 మంది. ఆ సైనికులకును వీరికిని మిగిలినది ఒక్క కిడ్నీయే గదా! ఇంత తేడా ఎక్కడనుండి వచ్చినది? వీరు కుట్లు మానకముందే మూటలు మోయవలసి వచ్చియుండవచ్చును. తిండి చాలియుండదు. తరువాత వారి బి.పి. చూచేవారు, మూత్రము పరీక్షించేవారు లేకపోయియుందురు. కిడ్నీ అమ్ముట, కొనుట 1994 చట్టము ప్రకారము నేరము. అప్పుల బాధలో ఎవరైనా దళారి మీ వాకిటికి వస్తే ఈ 305 మందిని జ్ఞాపకము చేసికొనండి.

నేను ఎక్కువగా చెప్పదలచినది ఇచ్చిన తల్లులను గూర్చి. మన దేశములో బ్రతికియుండగా కిడ్నీ ఇచ్చేవారిలో అధికులు స్త్రీలే. ఇంటిలో జరిగేది చూడండి. పుచ్చుకొన్న కొడుకుకు నెలనెలా పరీక్ష, వేళకు మాత్రలు, కాచి చల్లార్చిన నీరు, వేరుగా వంట. ఇచ్చిన తల్లికి కుట్లు విప్పిన నాటినుండి బి.పి. పట్టీ కట్టినవారు లేరు. ఆమె అందరు తిన్న తరువాత అడుగున మిగిలిన సంగటి, ఊరగాయ బద్ద వేసికొని తినును. "నాకేమి, బాగుండాను" అనును. బాగుండుట నిజమే, అయితే మూత్రపిండము చెడుట మొదలైనప్పుడు నొప్పి రాదు. సగానికిపైగా చెడినను మనిషికి తెలియదు. 2014లో అమెరికాలో లెక్క కట్టిరి: కిడ్నీ ఇచ్చిన 10,000 మందిలో జీవితకాలములో సుమారు 90 మందికి మిగిలిన కిడ్నీ పూర్తిగా చెడవచ్చును. వారివలె ఆరోగ్యముగా ఉండి ఇవ్వనివారిలో అది 14 మంది. నూటికి ఒక్కరికంటె తక్కువే గనుక హడలిపోనక్కరలేదు. కాని ఆ ఒక్కరు మన ఇంటివారు కాకుండ చూచుకొనుట చాల మట్టుకు మన చేతిలో ఉన్నది. అది వంటింటిలోనే మొదలగును.

మొదట ఉప్పు. మనిషికి దినమునకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశములో సగటున 8 గ్రాములు తినుచున్నాము. మన సీమ నోరు ఇంకా కొంచెము ఎక్కువే అడుగుతుందని నా అనుమానము. చెంచాలతో కొలువనక్కరలేదు, సులువైన లెక్క ఉన్నది. ఇంటిలో అయిదుగురున్నారనుకొనండి. అయిదుగురికి 5 గ్రాముల చొప్పున 30 దినములకు 750 గ్రాములు. అనగా కిలో ఉప్పు పొట్లము నెల దాటి పది దినములు రావలెను. నెల తిరుగకముందే రెండవ పొట్లము చించుచున్నారంటే ఎక్కువ తినుచున్నట్లే. ఇందులో మామిడికాయ ఊరగాయకు వేసిన ఉప్పును కలుపవలెను. వడియములు, అప్పడములు, కరవాడు, అంగట్లో కొనే మిక్చరు పొట్లములు ఈ లెక్కకు బయట ఉన్నవి. ఉప్పు ఎక్కువైతే బి.పి. పెరుగును, బి.పి. పెరిగితే ఆ ఒక్క కిడ్నీలోని జల్లెడలు దెబ్బతినును. ఒక్కసారిగా తగ్గిస్తే ఇంటిలో తగాదా వచ్చును గనుక వారానికి కొంచెము చొప్పున తగ్గించండి. చింతపండు, నిమ్మకాయ, కొత్తిమీర, వేయించిన జీలకర్ర ఆ లోటును చాలవరకు కప్పును. నాలుకకు నెలా రెండు నెలలలో అలవాటగును. ఉప్పుకు బదులుగా "సోడియము తక్కువ" అని అమ్మే ఉప్పు మాత్రము డాక్టరును అడుగకుండ వాడవద్దు. దానిలో పొటాషియము ఉండును. కిడ్నీ పని తగ్గినవారికి అది ప్రమాదము.

ఇక పప్పు, మాంసము. "కిడ్నీ ఒకటే గనుక పప్పు మానేశాను" అని చెప్పి ఎండిపోయినవారిని చూచితిని. ఇది అనవసరము. క్రియాటినిన్ మామూలుగా ఉండి, మూత్రములో ఆల్బుమిన్ పోనివారు అందరివలె తినవచ్చును. కిలో బరువుకు దినమునకు సుమారు 1 గ్రాము మాంసకృత్తులు చాలును, 60 కిలోల మనిషికి 60 గ్రాములు మించనక్కరలేదు. మన ఊరి భోజనము లెక్క వేద్దాము. దినమంతటికి 300 గ్రాముల బియ్యములో 21 నుండి 24 గ్రాములు, సంగటిలోని 100 గ్రాముల రాగిపిండిలో 7, గుప్పెడు కందిపప్పులో 11, గ్లాసెడు మజ్జిగ, పెరుగులో కలిపి 6, గుప్పెడు చెనక్కాయలలో 7. మొత్తము 55 దాటదు! అనగా పేదవాని పళ్ళెము ఎక్కువేమీ కాదు. ఒక గ్రుడ్డు వేసికొన్నను 6 గ్రాములే పెరుగును. ఆదివారము కోడిపులుసు చేసినప్పుడు నాలుగు ముక్కలు తినండి, సంతోషముగా తినండి. అరకిలో ఒక్కరే తినవద్దు. కండలు పెంచుటకు పట్టణములో యువకులు పాలలో కలుపుకొని త్రాగే ప్రొటీను పొడులు ఒక్క కిడ్నీ ఉన్నవారికి అసలే వద్దు. అవసరము లేని పనిని ఆ కిడ్నీ నెత్తిన పెట్టుటయే అది.

టమాటా, అరటిపండు, మామిడిపండు, కొబ్బరినీళ్ళు మానవలెనా? రక్తములో పొటాషియము పెరిగినదని డాక్టరు చెప్పినవారు మానవలెను. డయాలిసిస్ మీద ఉన్నవారికి ఇచ్చిన కాగితము చూచి, ఆరోగ్యముగా ఉన్న ఒంటి కిడ్నీవారు కూడ పండ్లు, కూరగాయలు మానుకొనుట మన ఊళ్ళలో జరుగుచున్నది. రోగి వేరు, దాత వేరు. రాగులలో కాల్షియము ఎక్కువ గనుక రాళ్ళు వచ్చునని సంగటి మానినవారును ఉన్నారు. భోజనములోని కాల్షియము కడుపులోనే ఆక్సలేటును పట్టుకొని బయటికి పంపును గనుక, దానిని మానితే రాళ్ళు పెరుగునే గాని తగ్గవు. సంగటి, మజ్జిగ మానవద్దు. మునుపు రాయి వచ్చినవారు పాలకూర తగ్గించి, నిమ్మరసము ఎక్కువ త్రాగితే మంచిది. అరటి బోదె రసము త్రాగండి, తప్పు లేదు. అయితే ఒక్క కిడ్నీ ఉన్నవానికి రాయి అడ్డుపడి మూత్రము ఆగిపోతే రసము త్రాగుచు ఇంటిలో కూర్చుండరాదు. అదే రాత్రి ఆసుపత్రికి పోవలెను. రెండు కిడ్నీలున్నవారికి ఉన్న వ్యవధి ఇతనికి లేదు.

నీళ్ళు ఎన్ని త్రాగవలెనని అడిగితే, మీ మూత్రము రంగును చూడమని చెప్పుదును. పలుచని నిమ్మరసము రంగులో ఉంటే చాలును. నూనె రంగుకు తిరిగినదంటే నీళ్ళు చాలలేదు. నీడలో కూర్చున్నవారికి రెండు, రెండున్నర లీటర్లు సరిపోవును. చెనక్కాయ చేనిలో కలుపు తీసేవారికి, ఇటుక బట్టీలలో పనిచేసేవారికి ఏప్రిల్, మే నెలలలో మూడు, నాలుగు లీటర్లు కూడ కావలెను. చేనికి పోయే ఆడవారు మూత్రమునకు చాటు ఉండదని ప్రొద్దుటినుండి నీళ్ళు మానుకొనుచున్నారు. ఇంటి మగవారు ఈ సంగతి ఎరుగవలెను.

ఇక్కడ ఉపవాసమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. శ్రమకాలపు చివరి వారములు మంచి ఎండలలో వచ్చును. నీరైనను ముట్టక రోజంతా ఉపవసించుట ఒక్క కిడ్నీ ఉన్నవారికి తగదు. నా సంఘములో నేను అట్టివారిని నీళ్ళు, మజ్జిగ, జావ త్రాగి ప్రార్థించమని చెప్పుదును. అందువలన వారి భక్తి తగ్గినదని ప్రక్కవారు గుసగుసలాడితే, ఆ ప్రక్కవారితో నేను మాట్లాడుదును.

కిడ్నీలను పాడుచేయునది మరియొకటి నొప్పి మాత్రలు. మోకాళ్ళ నొప్పులకు, నడుము నొప్పికి అంగట్లో అడిగి తెచ్చుకొనే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ మాత్రలు కిడ్నీకి రక్తమును తగ్గించును. ఎండలో నీళ్ళు లేక వాడిపోయిన దేహములో ఇవి పడితే మరీ చెరుపు. జ్వరానికి, నొప్పికి పారాసిటమాల్ తగు మోతాదులో వాడుకొనవచ్చును. ఊరి ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేయబోయేముందు, "నాకు ఒక్క కిడ్నీయే" అని నోరు తెరచి చెప్పండి. జెంటామైసిన్ వంటి కొన్ని సూదిమందులు కిడ్నీని దెబ్బతీయును. మందు ఎక్కించి తీసే స్కానింగుకు ముందు కూడ ఇదే మాట చెప్పవలెను. ఒక చిన్న అట్టముక్కమీద వ్రాసి ఆధారు కార్డుతో కలిపి పెట్టుకొంటే స్పృహ తప్పినప్పుడును అది మీకు బదులుగా చెప్పును.

నాటుమందులను గూర్చి చెప్పితే కొందరికి కోపము వచ్చును. వచ్చినను చెప్పుచున్నాను. 1990 ప్రాంతములలో బెల్జియము దేశములో ఒళ్ళు తగ్గుటకు ఆకువేళ్ళ మాత్రలు మ్రింగిన స్త్రీలలో నూరుమందికి పైగా కిడ్నీలు చెడిపోయినవి. విచారిస్తే ఆ మాత్రలలో అరిస్టలోకియా జాతి మొక్క వేరు కలిసియున్నదని బయటపడినది. ఆ జాతి మొక్క మన కొండలలోను ఉన్నది. పాము కాటుకని, కడుపునొప్పికని మనవారు అరగదీసి త్రాగించే ఈశ్వరి వేరు అదే. చెట్టుది గనుక చెరుపు చేయదనుకొనవద్దు. పాదరసము, సీసము కలిసిన భస్మములును అంతే.

పాము మాట వచ్చినది గనుక అదియు చెప్పుదును. రక్తపింజర కాటు వలన రెండు మంచి కిడ్నీలు ఉన్నవానికే అవి ఆగిపోవుట కలదు. ఒకటే ఉన్నవారు రాత్రి నీళ్ళు కట్టుటకు చెప్పులు, టార్చిలైటు లేకుండ పోరాదు. కరిస్తే కట్లు కట్టి, కోసి, మంత్రమువానికొరకు వెదకుచు గంటలు పోగొట్టవద్దు, విషమునకు విరుగుడు సూది ప్రభుత్వ ఆసుపత్రిలో ఉండును. అట్లే సంక్రాంతి దినములలో మన ఎ.రంగంపేటలో జరుగు పశువుల పండుగలో ఎద్దుల కొమ్ముల మధ్యకు దూకుట ఒంటి కిడ్నీ యువకునికి తగదు. మిద్దె ఎక్కి చూడవచ్చును. పరుగు, ఈత, వాలీబాలు ఆడుకొననీయండి.

పెండ్లికాని ఆడపిల్లలకు, ఇంకా బిడ్డలను కనవలసినవారికి ఒక సంగతి. కిడ్నీ ఇచ్చిన స్త్రీ గర్భము ధరించవచ్చును, బిడ్డ ఆరోగ్యముగా పుట్టును. అయితే గర్భకాలములో బి.పి. పెరుగుట అట్టివారిలో నూటికి 11 మందిలో, ఇవ్వనివారిలో 5 మందిలో కనబడినదని 2015లో ప్రచురించిన పరిశోధన చెప్పుచున్నది. గనుక మొదటి నెలలోనే ఏ.ఎన్.ఎం.కు, డాక్టరమ్మకు చెప్పవలెను. అత్తవారింటిలో దాచిపెట్టుట మంచిది కాదు.

చివరగా పరీక్షలు. సంవత్సరమునకు ఒకసారి మూడు చాలును: బి.పి., మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్. బి.పి. 130/80కి లోపల ఉంచవలెనని డాక్టర్లు చెప్పుదురు. చక్కెర వ్యాధి ఉన్నవారు దానిని అదుపులో ఉంచుకొనవలెను. చిత్తూరు బెల్లమైనను చక్కెరే సుమా. బీడీ, చుట్ట మానవలెను. కాగితములన్నీ ఒక సంచిలో సంవత్సరముల వరుసన దాచండి, ఏలయనగా ఒక్క సంవత్సరపు క్రియాటినిన్ చూచి డాక్టరు చెప్పగలిగినది కొంచెమే. నాలుగేండ్లవి ప్రక్కప్రక్కన పెడితే అది పెరుగుచున్నదో నిలిచియున్నదో తెలియును. కొడుకును పరీక్షకు తీసికొనిపోయే దినమున తల్లినికూడ అదే బస్సు ఎక్కించండి. పరీక్షకు ముందటి రాత్రి మాంసము తినవద్దు, క్రియాటినిన్ కొంచెము ఎక్కువగా చూపును. ఉదయపు మొదటి మూత్రము ఇస్తే మంచిది.